పాత చిట్టా నుంచి కొత్త సిస్టమ్ దాకా: మన జిల్లాల్లో టెక్నాలజీ సలహా టీం నడిపే పద్ధతి

పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీ. ఆఫీసు గదిలో ఎత్తు బల్ల, దాని మీద పొడుగాటి చిట్టా పుస్తకం, ముప్పయ్యేళ్లుగా అందులో రాస్తున్న గుమస్తాగారు. పిక్కల బస్తాలు దిగినప్పుడల్లా ఆయన లాట్ నంబరు, బస్తాల లెక్క, తూకం, అమ్మిన మనిషి పేరు రాస్తారు, కొన్ని లాట్ల పక్కన మాత్రం పెన్సిల్‌తో చిన్న సున్నా చుడతారు. మా వాళ్లు రెండు వారాలు అక్కడే కూర్చుని ఆ పుస్తకంలో ఉన్న ప్రతి గడినీ కొత్త సిస్టమ్‌లోకి తెచ్చారు గానీ ఆ సున్నా సంగతి ఎవరూ అడగలేదు. దాని అర్థం ఏంటంటే, ఆ పిక్కలో చెమ్మ ఉంది, ఎండాక మళ్లీ తూచి, తరుగు తీసి, అప్పుడు డబ్బు కట్టాలి అని. కొత్త సిస్టమ్ మొదటి నెల చెమ్మ లాట్లకి కూడా దిగిన తూకానికే బిల్లు వేసేసింది. యజమానికి డబ్బు పోయింది, మాకు మాట పోయింది. ఆ టీంకి లీడర్‌ని నేనే.

ఇది రాయడానికి కారణం ఆ సున్నా. విజయనగరం కేంద్రంగా ఆరుగురితో టీం పెట్టుకుని, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రైస్ మిల్లులకీ జీడి యూనిట్లకీ హోల్‌సేల్ షాపులకీ పైడిభీమవరం వైపు చిన్న ఇంజనీరింగ్ షెడ్లకీ సలహా ఇస్తుంటాం. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో తిరిగొచ్చి ఇలాంటి టీం పెడదామనుకుంటున్నవాళ్లు, లేదా విశాఖలోని కంపెనీ తరఫున ఇక్కడి క్లయింట్లని చూసుకుంటున్నవాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి, నాకు తెలిసిన పద్ధతి అంతా వరసగా చెప్తాను. నేను ఇందులో నమ్మేది ఒక్కటే: ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో చెప్పడం మన పనిలో చిన్న ముక్క. రోజూ ఆ అంకెలు రాసే మనిషికి ఏం తెలుసో అది బయటికి తీసుకురావడం, అది కొత్త దాంట్లో పోకుండా చూడటం, లీడర్ జీతం తీసుకునేది దానికే.

మొదటి అడుగు: టీంని కూర్చుకోవడం

కోడ్ రాసేవాళ్లని నలుగురిని తీసుకుని టీం అనుకోకండి. మన దగ్గరికొచ్చే క్లయింట్లలో ఎక్కువమందికి సమస్య కోడ్‌లో ఉండదు. నాకు తప్పనిసరిగా కావాల్సినవాళ్లు నలుగురు. లెక్కలు తెలిసిన మనిషి, అంటే ట్యాలీలో చేయి తిరిగి, జీఎస్టీ రిటర్నులు స్వయంగా దాఖలు చేసినవాళ్లు, బీకాం చదివి ఆడిటర్ దగ్గర రెండేళ్లు చేసిన అమ్మాయో అబ్బాయో దొరికితే వదలొద్దు. డేటాబేసు, ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి కనెక్షన్లు చూసే మనిషి. వైరింగు, నెట్‌వర్కు, ప్రింటర్లు, కాటాలు, యూపీఎస్‌లు చేత్తో ముట్టుకుని బాగుచేయగల మనిషి. నాలుగో మనిషి నేర్పేవాళ్లు, ఎదుటివాళ్లు అదే ప్రశ్న ఐదోసారి అడిగినా మొహం మారకుండా చెప్పగలిగేవాళ్లు. ఈ నాలుగో రకం దొరకడమే కష్టం, ట్యూషన్లు చెప్పినవాళ్లలో వెతకండి, నాకు ఇద్దరు అలాగే దొరికారు.

తర్వాత, ప్రతి క్లయింటుకీ టీంలో ఒక్కరే జవాబుదారీ. యజమాని ఫోన్ చేస్తే ఆ ఒక్కరికే చేయాలి, పని ఎవరు చేసినా జవాబు ఆ మనిషి చెప్పాలి. అందరిదీ అంటే ఎవరిదీ కాకుండా పోతుంది, నేను మొదటి ఏడాది ఆ తప్పు చేశాను.

కమీషన్ల విషయం కూడా మొదటి రోజే తేల్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు మనకి మార్జిన్ ఇస్తామంటారు. తీసుకుంటే తప్పని నేను అనను, కానీ ఎంతో క్లయింటుకి కాగితం మీద రాసివ్వాలి. మా టీం అసలు తీసుకోదు. ఎందుకంటే "ఏమీ కొనొద్దు, ఉన్నది చాలు" అని చెప్పాల్సిన రోజు వస్తుంది, ఆ రోజు నోరు పెగలాలి.

రెండో అడుగు: "ఇప్పుడే ఎందుకు?" అని అడగడం

ఎవరైనా పిలిచి "మా వ్యాపారం మోడర్న్ చేయాలండీ" అంటే మేం మొదట అడిగేది ఇదే. పదేళ్లుగా నడుస్తున్న పద్ధతి ఇప్పుడు ఎందుకు మార్చాలనిపించింది? నిజమైన జవాబు దొరికేదాకా ఫీజు మాట ఎత్తం. మన జిల్లాల్లో వినిపించే కారణాలు దాదాపు ఇవి.

ఈ-ఇన్వాయిస్, అంటే ప్రతి బిల్లునీ ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం. 2017-18 నుంచి ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలోనైనా టర్నోవరు 5 కోట్లు దాటినవాళ్లకి 2023 ఆగస్టు 1 నుంచి వ్యాపారికి వ్యాపారి రాసే బిల్లులకి ఇది తప్పనిసరి అయింది. 2020 అక్టోబరులో 500 కోట్లతో మొదలైన పరిమితి దిగుతూ దిగుతూ మన బజారు దాకా వచ్చింది. 10 కోట్లు దాటినవాళ్లైతే 2025 ఏప్రిల్ 1 నుంచి బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపు పోర్టల్‌లో పెట్టేయాలి. చేత్తో బిల్లు రాసి నెలాఖరున ఆడిటర్‌కి కట్ట కట్టి పంపే అలవాటు ఇక్కడితో ఆగిపోతుంది.

కంపెనీగా రిజిస్టర్ అయినవాళ్లకి ఇంకోటి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో చెరపలేని రికార్డు ఉండాలి. పాత వెర్షన్లు వాడుతున్నవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొనేవాళ్లకి చెల్లింపు గడువులు వచ్చాయి, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15, దాటితే ఆ ఖర్చుని ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో తీసుకోనివ్వరు, కట్టిన ఏడాదే తీసుకోవాలి. కాబట్టి ఎవరికి ఎప్పుడు కట్టాలో సిస్టమ్ చెప్పాలి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆగింది, షాపుల్లో ఉన్న పాత కంప్యూటర్లలో చాలావాటికి 11 ఎక్కదు. ఇవి కాక, బ్యాంకు వాళ్లు నెలనెలా స్టాకు స్టేట్‌మెంట్ అడగడం, కొడుకో కూతురో చదువు ముగించుకుని వ్యాపారంలోకి రావడం.

ఈ చివరి కారణం దగ్గర జాగ్రత్త. పిలిచింది కొడుకు, డబ్బిచ్చేది తండ్రి. ఇద్దరినీ ఒక్కచోట కూర్చోబెట్టి మాట్లాడకుండా పని ఒప్పుకుంటే మధ్యలో మీరు నలిగిపోతారు. తండ్రి ముందు కొడుకుని సమర్థించొద్దు, కొడుకు ముందు తండ్రిని తక్కువ చేయొద్దు, ఇద్దరికీ కావాల్సింది ఒక్కో వాక్యంలో కాగితం మీద రాయించండి. తేడా అక్కడే కనిపిస్తుంది.

మూడో అడుగు: బస్తా వెనకాల నడవడం

అన్నిటికంటే ఎక్కువ టైం పెట్టాల్సింది ఇక్కడే, చాలా టీంలు తక్కువ పెట్టేదీ ఇక్కడే.

మా రూలు: మొదటి మూడు రోజులు ల్యాప్‌టాప్ తెరవకూడదు. నోట్‌బుక్కు, పెన్ను, అంతే. ఇద్దరు వెళ్లాలి, ఒకరు సరుకు వెనకాల నడవాలి, ఒకరు కాగితం వెనకాల. జీడి యూనిట్‌లో అయితే లారీ కాటా మీదకి ఎక్కినప్పటి నుంచి మొదలుపెట్టి, కలాసీలు బస్తాలు దించడం, పిక్క ఎండబెట్టడం, ఆవిరి పట్టడం, కోయడం, ఓవెన్‌లో ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగు, డబ్బాల ప్యాకింగు, లారీ ఎక్కడం దాకా. గ్రేడింగు దగ్గర డబ్ల్యూ 320 అంటే ఒక పౌనుకి 300 నుంచి 320 గుళ్లు తూగే సైజు అనీ, 240 అంటే అంతకంటే పెద్ద పప్పు అనీ, గుండు, అంటే విరగని పప్పు, విరిగి బద్ద అయితే ధర ఎందుకు పడిపోతుందో మీ టీంలో డేటాబేసు రాసే కుర్రాడికి కూడా తెలియాలి. తెలియకపోతే స్టాకు ఐటమ్ 'జీడిపప్పు' అని ఒక్కటే పెట్టేస్తాడు, అప్పుడు ఆ సిస్టమ్ ఎందుకూ పనికిరాదు.

కాగితం వెనకాల నడిచేవాళ్లు ఒకే అంకె ఎన్నిసార్లు రాస్తున్నారో లెక్కపెట్టాలి. మేం చూసిన ఒక రైస్ మిల్లులో ధాన్యం తూకం కాటా చీటీ మీద, గేటు పుస్తకంలో, గుమస్తా చిట్టాలో, యజమానికి పంపే వాట్సాప్ మెసేజ్‌లో, ట్యాలీలో, ఆడిటర్ అడిగిన ఎక్సెల్‌లో, మొత్తం ఆరుచోట్ల చేత్తో ఎక్కుతోంది. ఆరిట్లో ఎక్కడ తప్పు పడినా సాయంత్రం దాన్ని వెతకడానికి ఇద్దరు మనుషులు కూర్చుంటున్నారు. ఆ మిల్లుకి మేం పెద్ద సిస్టమ్ ఏదీ చెప్పలేదు. డిజిటల్ కాటా ఇండికేటర్ వెనక సీరియల్ పోర్టు ఉంటుంది, చాలామంది యజమానులకి అది ఉందనే తెలియదు, దానికి కేబుల్ వేసి తూకం నేరుగా కంప్యూటర్‌లోకి వచ్చేలా చేశాం, మిగతా ఐదుచోట్లకీ అక్కడి నుంచే వెళ్తుంది. మేం ఇచ్చిన సలహాల్లో నాకు బాగా సంతృప్తినిచ్చింది అదే.

మూడు రోజులయ్యాక అడగాల్సిన ప్రశ్న: "ఇంకో పుస్తకం ఏమైనా ఉందాండీ?" ఉంటుంది. చేబదుళ్ల పుస్తకం, కూలీల అడ్వాన్సుల పుస్తకం, జేబులో మడిచి పెట్టుకున్న చీటీ. అలాగే చిట్టాలో కనిపించే ప్రతి గుర్తునీ, సున్నా, టిక్కు, ఎర్ర సిరా, అడ్డగీత, వేలు పెట్టి చూపించి "ఇదేంటండీ?" అని అడిగి రాసుకోవాలి. పలాస తర్వాత మా టీంలో ఇది చెక్‌లిస్టులో మొదటి వరస అయింది. గుర్తుల జాబితా పూర్తయ్యి, గుమస్తాగారు చదివి సంతకం పెట్టేదాకా డిజైన్ మొదలవదు.

ఆ రోజు జీడి ఫ్యాక్టరీలో తప్పు బయటపడ్డాక, క్షమాపణ చెప్పడానికి నేనే వెళ్లాను. గుమస్తాగారు కోప్పడలేదు. "ఏటి బాబూ, అడిగితే సెప్పీవోణ్ని కదా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ చెప్తాను.

నాలుగో అడుగు: ఏది ఉంచాలి, ఏది మార్చాలి

చూసొచ్చిన ప్రతి పుస్తకాన్నీ, ప్రతి ప్రోగ్రామునీ ఒక గోడ మీద చీటీలుగా అంటించి, ఒక్కోదానికి ఈ ఆరిట్లో ఒక మాట రాస్తాం: అలాగే ఉంచు, తీసెయ్, ఉన్నదున్నట్టు క్లౌడ్‌కి (ఇంటర్నెట్‌లో ఉండే సర్వర్లకి) మార్చు, చిన్న మార్పులతో మార్చు, రెడీమేడ్‌ది కొను, మళ్లీ కట్టు. పెద్ద కంపెనీల్లో వాడే వర్గీకరణే, మన సైజుకి కూడా సరిపోతుంది. చివరిదైన 'మళ్లీ కట్టు' రాయాలంటే మాత్రం టీంలో ఇద్దరు విడివిడిగా ఒప్పుకోవాలి, ఎందుకంటే కుర్రాళ్లకి కొత్తగా కట్టడమే సరదా, ఐదేళ్ల తర్వాత దాన్ని చూసుకునే మనిషి ఎవరు అనేది అప్పుడు గుర్తుకురాదు.

పాతదాన్ని ఒక్కరాత్రిలో కూల్చకండి. మన పొలం గట్ల మీద తాటిచెట్టుకి మర్రి మొలవడం అందరం చూశాం. పిట్ట వేసిన గింజ తాటి మట్టల మధ్య మొలుస్తుంది, వేళ్లు తాటిని చుట్టుకుంటూ నేలకి దిగుతాయి, ఏళ్లు గడిచాక చూస్తే నిలబడి ఉన్నది మర్రి, తాటి దాని లోపల ఎక్కడో. మార్టిన్ ఫౌలర్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఆస్ట్రేలియా అడవుల్లో ఇలాంటి చెట్లనే చూసి, పాత సిస్టమ్‌లని మార్చే పద్ధతికి 2004లో ఆ చెట్టు పేరే పెట్టాడు. పాతది నడుస్తూనే ఉంటుంది, పక్కన ఒక్కో పనిని కొత్తదానికి అప్పజెప్తాం, చివరికి పాతదానికి పనే ఉండదు. క్లయింటుకి ఈ తాటి-మర్రి మాట చెప్తే ఇంకేం వివరించక్కర్లేదు.

విజయనగరం బజారులో ఒక హోల్‌సేల్ షాపుకి ఇలాగే చేశాం. బిల్లింగు ఎప్పుడో ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేసు సాఫ్ట్‌వేర్‌లో రాయించుకున్న ప్రోగ్రాములో ఉంది. విజువల్ ఫాక్స్‌ప్రో చివరి వెర్షన్‌కి కూడా మైక్రోసాఫ్ట్ సపోర్టు 2015 జనవరిలోనే ముగిసింది, రాసిచ్చినాయన వ్యాపారం మానేశాడు. అయినా ఆ ప్రోగ్రాము కౌంటర్లో చాలా వేగంగా పనిచేస్తోంది, మౌసు ముట్టకుండా బిల్లు కొడుతున్నారు. ముందు ఈ-ఇన్వాయిస్ ఒక్కటే కొత్తదానికి మార్చాం, తర్వాత స్టాకు, ఆ తర్వాత బాకీలు, కౌంటరు బిల్లు ఆఖరున. కౌంటర్లో వేగం తగ్గితే ఆ రోజే షాపులో గొడవ మొదలవుతుంది, అందుకే దాన్ని ఆఖరుకి ఉంచాం.

డేటా శుభ్రం చేయడం గురించి ఒక మాట. ఫాక్స్‌ప్రో ఫైళ్లు చదవడం తేలికే. చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. తెలుగు పేర్లు పాత అను ఫాంట్లలో ఎక్కించి ఉంటే, అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు, నేరుగా ఎత్తి పోస్తే పిచ్చి గీతలొస్తాయి, కన్వర్టర్‌లో వేశాక కూడా ఒత్తులు ఒక్కోటీ కంటితో చూసుకోవాలి. రెండోది, మన దగ్గర పేర్లు. బాకీల జాబితాలో అప్పలనాయుళ్లు పదకొండుమంది, పైడిరాజులు ఏడుగురు. ఒకే పేరు రెండుసార్లు ఉంటే డూప్లికేట్ అని కలిపేసే కుర్రాళ్లని ముందే ఆపండి. ఎవరు ఏ ఊరు, ఎవరి తండ్రి ఎవరు, ఎవరిది ఎర్ర స్కూటరు అన్నది షాపులో కూర్చునే పెద్దాయనకే తెలుసు. రెండు మధ్యాహ్నాలు ఆయన పక్కన కూర్చుని ఒక్కో పేరుకి ఊరు, ఫోన్ నంబరు చేర్చుకుంటే సరిపోతుంది.

ఐదో అడుగు: రిపోర్టు రెండు పేజీలే

అరవై స్లైడ్లు ఎవరూ చదవరు. తెలుగులో రెండు పేజీలు రాయండి. మొదటి పేజీలో మనం చూసింది, దాని వల్ల ఏం పోతోంది. రెండో పేజీలో మూడు దారులు: ఏమీ చేయకపోతే ఏమవుతుంది, కొంచెం చేస్తే ఎంత, మొత్తం చేస్తే ఎంత. ఖర్చు మూడేళ్లకి లెక్కకట్టాలి, అందులో లైసెన్సు ఒక్కటే కాదు, ఏటేటా రెన్యూవల్, ఇంటర్నెట్, యూపీఎస్ బ్యాటరీలు, నేర్చుకునేటప్పుడు సిబ్బంది పోగొట్టుకునే గంటలు, అన్నీ ఉండాలి. చూసి రిపోర్టు రాసే ఫీజు, ఆ పని చేసే ఫీజు వేరుగా పెట్టండి. మన రిపోర్టు తీసుకుని పని ఇంకొకరితో చేయించుకునే స్వేచ్ఛ క్లయింటుకి ఉంటేనే మనం రాసింది నిజాయతీగా ఉంటుంది.

పన్ను విషయాలు రాసేటప్పుడు ఆడిటర్‌ని ముందే కలుపుకోండి. ఉదాహరణకి, రైతు దగ్గర నేరుగా పిక్కలు కొంటే జీఎస్టీ కట్టాల్సింది రైతు కాదు, కొన్న రిజిస్టర్డ్ వ్యాపారి రివర్స్ చార్జ్ కింద కట్టాలి, బిల్లు కూడా తనే రాసుకోవాలి. అదే పిక్క రిజిస్టర్డ్ వ్యాపారి దగ్గర కొంటే దారి వేరు. ఈ తేడా తెలియని సాఫ్ట్‌వేర్‌ని జీడి యూనిట్‌కి చెప్పడం అంటే నోటీసు తెచ్చిపెట్టడమే. ఆడిటర్‌ని చివర్లో పిలిస్తే ఆయనకి అన్నిట్లోనూ తప్పులే కనిపిస్తాయి, మొదట్లో పిలిస్తే ఆ తప్పులే మనకి సలహాలవుతాయి.

ఆరో అడుగు: భయాలు తీర్చడం

యజమానికి భయం డబ్బు గురించి. గుమస్తాకి ఉద్యోగం గురించి. పనివాళ్లకి కూలీ గురించి. ముగ్గురికీ ఒకే మీటింగులో ఒకే ఉపన్యాసం ఇస్తే ఎవరి టెన్షనూ తగ్గదు.

గుమస్తా ఉద్యోగం ఉంటుందా లేదా అన్నది పని మొదలయ్యే ముందే యజమాని చేత, ఆయన ఎదురుగానే చెప్పించండి. మనం చెప్తే చెల్లదు. తీసేసే ఉద్దేశం ఉందని మీకు తెలిస్తే, ఆ మనిషి చేత డేటా అంతా తీయించుకుని తర్వాత పంపేసే పనిలో మీరు భాగం కావొద్దు, ఆ మాట యజమానికి ముఖం మీదే చెప్పండి. మేం అలా ఒక పని వదులుకున్నాం. కొత్త సిస్టమ్‌లో గుమస్తాకి ఒక అధికారం ఇవ్వడం బాగా పనిచేస్తుంది. ఆయన ఓకే చేయనిదే ఏ లాటుకీ బిల్లు పడదు అన్నట్టుగా. ముప్పయ్యేళ్ల అనుభవానికి అది న్యాయం కూడా.

పొట్టు తీసే ఆడవాళ్లకి కూలీ కిలోల లెక్కన. వాళ్ల ముందు తూకం మెషీన్, ట్యాబ్లెట్ పెట్టేసరికి, ఇది మమ్మల్ని మోసం చేయడానికే అన్న అనుమానం సహజంగా వస్తుంది, ఇన్నాళ్లూ చేతి లెక్కలో నష్టపోయినవాళ్లు కదా. మేం చేసింది చిన్న పని. ప్రతి మనిషికీ సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు చిన్న తెలుగు చీటీ, థర్మల్ ప్రింటర్ మీద: పేరు, ఈరోజు కిలోలు, రేటు, కూలీ, వారంలో ఇప్పటిదాకా ఎంత. వారం తిరిగేసరికి చీటీ రాలేదని వాళ్లే వచ్చి అడగడం మొదలుపెట్టారు. ఒకావిడ చీటీలన్నీ తాళాల గుత్తికి గుచ్చిపెట్టుకుని, శనివారం కూలీ ఇచ్చేటప్పుడు తీసి సరిచూసుకునేది. ఒక రోజు అరకిలో తేడా ఆవిడే పట్టింది, చూస్తే తూకం పళ్లెం కింద పొట్టు ఇరుక్కుంది. ఆ తర్వాత రోజూ పొద్దున పళ్లెం తుడవడం పనుల జాబితాలో చేరింది.

ఏడో అడుగు: మార్చే రోజు ఎంచుకోవడం

ఆడిటర్లందరూ ఏప్రిల్ 1 అంటారు. లెక్కలకి అది సరైన రోజే, కొత్త ఆర్థిక సంవత్సరం. కానీ జీడి పిక్క దిగే సీజన్ మార్చి నుంచి మే, జూన్ దాకా. లారీలు క్యూలో ఉన్నప్పుడు కాటా దగ్గర కొత్త స్క్రీన్ పెడితే మొత్తం ఆగిపోతుంది. కాబట్టి విడదీయండి. ఖాతాల భాగం ఏప్రిల్ 1న మొదలుపెట్టి, కాటా, స్టాకు, ఉత్పత్తి భాగం వానాకాలంలో ఒత్తిడి తగ్గాక పెట్టండి. రైస్ మిల్లుకైతే ఖరీఫ్ ధాన్యం వచ్చే నవంబరు నుంచి జనవరి దాకా ముట్టుకోవద్దు. విజయనగరం షాపులకి దసరా, ఆ తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆ రోజుల్లో మీరు కనపడకపోవడమే సాయం.

మార్చే పద్ధతి వరసగా:

1. ఒకే సరుకు, ఒకే కౌంటరు లేదా ఒకే షెడ్డు తీసుకోండి.
2. ముందు రోజు సాయంత్రం స్టాకు చేత్తో లెక్కపెట్టి, బాకీలు సరిచూసి, యజమాని సంతకం తీసుకోండి.
3. నెల రోజులు పాత చిట్టా, కొత్త సిస్టమ్ రెండూ నడపండి. రోజూ సాయంత్రం రెండిట్లో మొత్తాలు పోల్చి, తేడా ఎందుకొచ్చిందో రాయండి.
4. వరసగా పది పనిదినాలు తేడా లేకపోతేనే చిట్టా ఆపమని చెప్పండి.
5. వెనక్కి వెళ్లాల్సి వస్తే ఎలా వెళ్తారో ముందే కాగితం మీద ఉండాలి, ఎవరు నిర్ణయిస్తారో కూడా.

మూడోదాన్ని తగ్గించమని అందరూ అడుగుతారు, రెండు పనులు చేయాలి కదా అని. తగ్గించకండి. సున్నా లాంటివి బయటపడేది ఆ నెలలోనే. మొదటిసారి పలాసలో మేం వారానికే ఆపేశాం, చెమ్మ లాటు ఎండి మళ్లీ తూకానికి వచ్చేసరికే వారం దాటుతుంది.

ఎనిమిదో అడుగు: తుపాను వస్తుందని అనుకునే కట్టాలి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర్లోనే తీరం దాటింది. జీడితోటలు, కొబ్బరితోటలు నేలకొరిగాయి, ఉద్దానం ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్. మన జిల్లాల్లో క్లౌడ్ సలహా ఇచ్చేవాళ్లు ఈ రెండు తేదీలూ మనసులో పెట్టుకోవాలి.

నేను అడిగేవి: నెట్ లేకపోయినా రెండు రోజులు బిల్లు కొట్టగలరా? ఇంటర్నెట్ రెండు దారుల్లో ఉందా, ఒకటి ఫైబరు, ఒకటి వేరే కంపెనీ మొబైల్ డేటా? డేటా మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరికి దూరంగా ఉందా? కంప్యూటరు, బ్యాకప్ డ్రైవు రెండూ అదే బీరువాలో పెట్టిన షాపులు చాలా చూశాను, నీళ్లొస్తే రెండూ పోతాయి. ఇంక అన్నిటికంటే ముఖ్యం, బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చి చూశారా? మూడు నెలలకోసారి వేరే కంప్యూటర్‌లోకి తెచ్చి, నిన్నటి చివరి బిల్లు కనిపిస్తోందో లేదో యజమాని కళ్లతో చూపించండి. ఆ పని సెప్టెంబరులో ఒకసారి తప్పకుండా పడేలా తేదీలు పెట్టుకుంటాం.

పాస్‌వర్డ్‌లు, డొమైన్, అడ్మిన్ అకౌంటు, అన్నీ క్లయింటు పేరు మీదే ఉండాలి. మన ఈమెయిల్‌తో తెరిచి తర్వాత మారుద్దాం అనుకోవడం వద్దు, ఆ తర్వాత రాదు. కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు అవసరం లేకపోతే దాచొద్దని చెప్పండి, 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, చిన్న షాపు కూడా దానికి బయట లేదు.

తొమ్మిదో అడుగు: మీ టీంని చూసుకోవడం

క్లయింటు దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు ఆ రోజే, విజయనగరం వచ్చే రైల్లోనే, ఒక పేజీ రాయాలి. ఏం చూశాం, ఎవరు ఏమన్నారు, ఏది అర్థం కాలేదు. మూడోదే నేను ముందు చదువుతాను. అర్థం కానివి ఏవీ లేవని రాస్తే మర్నాడు మళ్లీ పంపిస్తాను.

శనివారం పొద్దున గంటన్నర కూర్చుంటాం. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పినవాళ్లని ఆ గదిలో ఎవరూ ఏమీ అనకూడదు, నేను కూడా. క్లయింటు అరిస్తే వినాల్సింది లీడరే. టీంలో చిన్నవాళ్లు చేసిన తప్పుకి వాళ్లని క్లయింటు ముందు నిలబెట్టొద్దు. కానీ బాగా చేసిన పనిని యజమానికి వివరించే అవకాశం మాత్రం చేసిన మనిషికే ఇవ్వండి, తడబడినా సరే, మధ్యలో అందుకోకండి.

హైదరాబాద్ జీతాలు మనం ఇవ్వలేం. ఇక్కడ ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ఒక మిల్లు మొత్తాన్ని మొదటి నుంచి చివరి దాకా తన చేతి మీదుగా మారుస్తుంది, అక్కడైతే ఒక స్క్రీన్‌లో ఒక బటన్ దగ్గర ఆరు నెలలుంటుంది. ఈ మాట నిజం కావాలంటే పని నిజంగానే అప్పజెప్పాలి, పేరుకి ఇచ్చి వెనకాల మనమే నడిపితే ఏడాదిలో వెళ్లిపోతారు. వెళ్లినవాళ్లని కూడా తప్పు పట్టకండి, మా దగ్గర నుంచి వెళ్లిన ఇద్దరు ఇప్పటికీ చిక్కు ప్రశ్నలకి ఫోన్లో సాయం చేస్తారు.

పదో అడుగు: అప్పగించడం, మళ్లీ వెళ్లి చూడటం

అప్పగించే రోజు ఒక ఫైలు ఇవ్వాలి. పాస్‌వర్డ్‌లు సీలు కవర్లో, రెన్యూవల్ తేదీలు, ఎవరికి ఫోన్ చేయాలి, నెలాఖరు పనులు వరసగా, బ్యాకప్ ఎక్కడ ఉంది, గుర్తుల జాబితా, అన్నీ తెలుగులో, ప్రింటు తీసి. ఫోటోలు పెట్టండి. వీడియోలు తీసినా సరే, కరెంటు లేనప్పుడు పనికొచ్చేది కాగితమే.

మూడు నెలలకి ఒకసారి, చెప్పకుండా, మామూలు పని రోజున వెళ్లండి. చూడాల్సినవి నాలుగు: నెల లెక్కలు ముగియడానికి ఇప్పుడు ఎన్ని రోజులు పడుతోంది, అదే అంకె ఎన్నిచోట్ల రాస్తున్నారు, సరుకు ఇచ్చినవాళ్లకి డబ్బు ఎన్ని రోజుల్లో అందుతోంది, బల్ల మీద పాత చిట్టా తెరిచి ఉందా. చిట్టా తెరిచి ఉంటే యజమానికి ఫిర్యాదు చేయొద్దు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, సిస్టమ్‌లో లేనిది అందులో ఏం రాస్తున్నారో చూపించమని అడగండి.

పలాసలో నేను మూడు నెలల తర్వాత వెళ్లినప్పుడు చిట్టా బల్ల మీదే ఉంది. అప్పటికి స్క్రీన్ మీద ప్రతి లాటు పక్కన 'చెమ్మ' అని గడి పెట్టాం, టిక్కు పెడితే రెండో తూకం అయ్యేదాకా బిల్లు ఆగుతుంది. గుమస్తాగారు చిట్టాలో ఆ వారం రాసినవి తిప్పి చూపించారు. సున్నాలు లేవు, కానీ కొన్ని లాట్ల పక్కన ఊరి పేరు ఉంది. ఏ ఊరి పిక్కకి పప్పు దిగుబడి ఎంత వస్తోందో ఆయన సొంతంగా కూడుకుంటున్నారట, యజమాని వచ్చే సీజన్లో ఎక్కడ కొనాలో చెప్పడానికి. ఆ సాయంత్రం రైల్లో మా టీం అమ్మాయి రాసిన పేజీలో మొదటి వరస: ఊరు గడి చేర్చాలి.